ఉద్యోగం బదులు చెక్కు: డిస్మిసల్ తప్పని తేలాక కూడా బ్యాంకు ఉద్యోగికి పాత కుర్చీ ఎందుకు దక్కదు

క్లుప్తంగా: బ్యాంకు ఉద్యోగిని తీసేయడం తప్పని కోర్టు తేల్చిందంటే మర్నాడే వెళ్లి పాత సీట్లో కూర్చోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టంలో మామూలు నియమం ఇప్పటికీ అదే, కానీ చాలా కేసుల్లో ఉద్యోగం బదులు ఏకమొత్తం పరిహారం చేతిలో పెట్టి పంపిస్తున్నారు. డిస్మిసల్ ఏ కారణంతో కొట్టేశారు, మిగిలిన సర్వీసు ఎంత, ఆ ఉద్యోగి చేసిన పని ఎలాంటిది అనే మూడింటి మీదే ఇది ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ మొత్తం చూడటానికి పెద్దదిగానే ఉంటుంది, అయితే దాన్ని పోల్చాల్సింది పోయిన జీతంతో మాత్రమే కాదు, పోయిన సర్వీసుతో, దానితోపాటు పోయిన పెన్షన్‌తో.

ముప్పై వేల నుంచి పదిహేను లక్షల దాకా

ఈ చర్చకి అలహాబాద్ బ్యాంకు కేసు మంచి ఉదాహరణ. 1985లో క్లర్క్-కమ్-క్యాషియర్‌గా చేరిన ఒక ఉద్యోగిని, బ్యాంకు రికార్డులు తగలబడిన వ్యవహారంలో పాత్ర ఉందంటూ 1991లో డిస్మిస్ చేశారు. విషయం ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కి వెళ్తే అక్కడ తేలింది ఏమిటంటే, ఆరోపణ రుజువయ్యేంత సాక్ష్యం లేదు, కానీ ఆ మనిషి మీద గట్టి అనుమానం మాత్రం ఉంది, యాజమాన్యానికి నమ్మకం పోయింది. కాబట్టి ఉద్యోగం బదులు 30,000 రూపాయలు ఇచ్చేయమంది. హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రుజువు కానప్పుడు ఉద్యోగం ఎందుకివ్వరని, అన్ని ప్రయోజనాలతో తిరిగి తీసుకోమంది. బ్యాంకు సుప్రీంకోర్టుకెళ్లింది.

2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేనాటికి ఆ ఉద్యోగి రిటైర్మెంట్ వయసు దాటిపోయాడు. అంతకుముందు ఏడాది ఏప్రిల్లోనే అలహాబాద్ బ్యాంకు కూడా ఇండియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇటు చేరడానికి మనిషికి వయసు లేదు, అటు చేర్చుకోవడానికి ఆ పేరుతో బ్యాంకూ లేదు. డిస్మిసల్ తప్పయినంత మాత్రాన మొత్తం బ్యాక్ వేజెస్‌తో (పనిలో లేని కాలానికి ఇచ్చే జీతంతో) పునర్నియామకం ఆటోమేటిగ్గా రాదని చెప్పి, 15 లక్షల రూపాయలు ఏకమొత్తంగా ఇవ్వమని కోర్టు ముగించింది.

ముప్పై వేలకి యాభై రెట్లు పదిహేను లక్షలు. అలా చూస్తే ఉద్యోగి గెలిచినట్టే. 1991 నుంచి 2021 దాకా ముప్పై ఏళ్ల మీద పరిస్తే మాత్రం ఏడాదికి యాభై వేలు, నెలకి నాలుగు వేల పైచిలుకు. అది కేసు పరిస్థితులన్నీ చూసి ఏకమొత్తంగా వేసిన అంకె, ఇన్నేళ్ల జీతం అని గుణించి తెచ్చింది కాదు. గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. ఒకే మనిషి, ఒకే ఆరోపణ, అదే సాక్ష్యం. మూడు అంచెల్లో మూడు రకాల ఫలితం వచ్చింది.

అసలు నియమం ఏం చెబుతుంది

మామూలు కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇష్టం లేని మనిషిని పనిలో పెట్టుకోమని కోర్టు ఎవరినీ బలవంతపెట్టదు, నష్టపరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. దీనికి మూడు మినహాయింపులున్నాయని 1975లో వైశ్ డిగ్రీ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రాజ్యాంగం 311వ అధికరణ కింద రక్షణ ఉన్న ప్రభుత్వోద్యోగులు, పారిశ్రామిక చట్టాల కిందికొచ్చే కార్మికులు, చట్టం ద్వారా ఏర్పడ్డ సంస్థ తన చట్టబద్ధమైన బాధ్యతను ఉల్లంఘించి తీసేసిన ఉద్యోగులు. బ్యాంకు క్లర్కు రెండో గుంపులోకి వస్తాడు, జాతీయ బ్యాంకు ఆఫీసరు మూడో గుంపులోకి. ప్రైవేటు బ్యాంకు ఆఫీసరు ఏ గుంపులోకీ రాడు.

తీసేసిన కార్మికుణ్ని తిరిగి పెట్టించే అధికారం ట్రిబ్యునళ్లకి ఉందన్నది 1949లోనే, వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ కేసులో ఫెడరల్ కోర్టు తేల్చిన విషయం. 1978లో హిందుస్తాన్ టిన్ వర్క్స్ కేసులో, అన్యాయంగా తీసేస్తే పూర్తి బ్యాక్ వేజెస్ మామూలు నియమమని సుప్రీంకోర్టు అంది, కంపెనీ పరిస్థితి చూసి ఆ కేసులో మాత్రం 75 శాతం ఇప్పించింది.

1980లో వచ్చిన స్టేట్ బ్యాంకు కేసు మన విషయానికి ఇంకా దగ్గరిది. రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తొలగింపు) చట్టవిరుద్ధమని ఒప్పుకుంటూనే, ఆ ఉద్యోగులు పర్మనెంట్ కావడానికి పెట్టిన పరీక్ష పాసవలేదు కదా అని కింది ట్రిబ్యునల్ పరిహారంతో సరిపెట్టింది. జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి దాన్ని తిప్పికొట్టారు. తీసేసిన ఆర్డరు చెల్లదంటే మనిషి పనిలోకి రావడమే ఇంగితజ్ఞానం అన్నది ఆయన తర్కం. అసాధ్యమైనప్పుడు, లేదా బొత్తిగా న్యాయం కానప్పుడు మాత్రమే మినహాయింపు: కంపెనీ మూతపడటం, తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో ఉండటం, ఆ ఉద్యోగికి వేరేచోట మంచి పని దొరకడం లాంటివి. ఆ జాబితాలో అనుమానం అనే మాట లేదు.

2013లో మహారాష్ట్రకి చెందిన ఒక టీచర్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే మళ్లీ గట్టిగా చెప్పింది. తప్పుడు తొలగింపుకి మామూలు పరిష్కారం సర్వీసు కొనసాగింపుతో, బ్యాక్ వేజెస్‌తో తిరిగి తీసుకోవడం. ఈ మధ్యకాలంలో తనకి వేరే ఆదాయం లేదని ఉద్యోగి చెప్పుకోవాలి. అలా చెప్పాక, కాదు సంపాదిస్తున్నాడని నిరూపించే బరువు యాజమాన్యానిది. కేసు ఏళ్ల తరబడి సాగిందన్న కారణంతో బ్యాక్ వేజెస్ కోసేయడం అన్యాయమని కూడా ఆ తీర్పులోనే ఉంది, ఎందుకంటే ఆ ఆలస్యం ఉద్యోగి చేతిలోది కాదు.

నియమం ఇంత స్పష్టంగా ఉంటే మరి పరిహారం తీర్పులు ఎక్కణ్నుంచి వస్తున్నట్టు? మినహాయింపుల నుంచి. పరిహారం పొందిన ఉద్యోగికి మినహాయింపే నియమంగా కనిపిస్తుంది, అందులో ఆశ్చర్యమేం లేదు.

ఎవరికి ఏ తలుపు

బ్యాంకులో హోదా పెరిగేకొద్దీ ఉద్యోగ రక్షణ తగ్గుతుందంటే చాలామంది నమ్మరు. కానీ ఒక రకంగా నిజం.

క్లర్కు, క్యాషియర్, సబ్‌స్టాఫ్ 2025 నవంబరు దాకా ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వర్క్‌మన్, అంటే కార్మికులు. బ్యాంకుల విషయంలో సంబంధిత ప్రభుత్వం కేంద్రమే కాబట్టి వివాదం కేంద్ర లేబర్ కమిషనర్ వ్యవస్థ ముందు రాజీ ప్రయత్నంతో మొదలై, కేంద్ర ప్రభుత్వ ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. హైదరాబాద్‌లో ఒకటుంది. 1971లో ఆ చట్టంలో చేర్చిన 11ఎ సెక్షన్ ఈ ట్రిబ్యునళ్లకి చాలా పెద్ద అధికారం ఇచ్చింది: ఎంక్వైరీలో వచ్చిన సాక్ష్యాన్ని మళ్లీ మొదట్నుంచి చూడొచ్చు, శిక్ష ఎక్కువనిపిస్తే తగ్గించొచ్చు, డిస్మిసల్ బదులు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టొచ్చు. వేరే ఏ రిలీఫైనా ఇవ్వొచ్చన్న మాట కూడా ఆ సెక్షన్లోనే ఉంది. పరిహారం తీర్పులకి ఊతం ఆ మాటే.

ప్రభుత్వ రంగ బ్యాంకు ఆఫీసరుకి ఈ దారి లేదు. ఆయన మీద చర్య చాలా బ్యాంకుల్లో 1976 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రెగ్యులేషన్స్ కింద జరుగుతుంది. బ్యాంకులో అప్పీలు అయిపోయాక హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థ చర్యని సవాలు చేసే పిటిషన్) వేసుకోవాలి. అక్కడ జడ్జి సాక్ష్యాన్ని తూచరు. పద్ధతి పాటించారా, కొంచెమైనా సాక్ష్యం ఉందా, శిక్ష మరీ దిమ్మతిరిగేలా ఉందా అని మాత్రమే చూస్తారు. అంటే అదే వోచర్ మీద సంతకం చేసిన క్యాషియర్‌కి ట్రిబ్యునల్లో మొత్తం కథ మళ్లీ చెప్పుకునే అవకాశం ఉంటుంది, దాన్ని పాస్ చేసిన మేనేజర్‌కి ఉండదు.

ప్రైవేటు బ్యాంకు ఆఫీసరు పరిస్థితి ఇంకా సన్నం. 2003లో ఫెడరల్ బ్యాంకు కేసులో, బ్యాంకింగ్ చేస్తున్నంత మాత్రాన, రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్నంత మాత్రాన ప్రైవేటు బ్యాంకు ‘రాజ్యం’ (ప్రభుత్వ సంస్థ) కిందికి రాదనీ, డిస్మిసైన బ్రాంచి మేనేజర్ రిట్ చెల్లదనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మిగిలింది సివిల్ దావా, అందులో అడగగలిగేది నష్టపరిహారమే. ఇలాంటి చోట ‘ఉద్యోగం బదులు పరిహారం’ అన్న ప్రశ్నే పుట్టదు, ఉద్యోగం అనే రిలీఫ్ మొదట్నుంచీ లేదు కాబట్టి. అదే ప్రైవేటు బ్యాంకులో పనిచేసే క్లర్కు మాత్రం వర్క్‌మనే. ట్రిబ్యునల్ అతన్ని తిరిగి పెట్టించగలదు.

‘నమ్మకం పోయింది’ అనే మాట బరువు

బ్యాంకు కేసుల్లో యాజమాన్యం తరఫు వాదన దాదాపు ఎప్పుడూ ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మనిషి డబ్బు మధ్య కూర్చుంటాడు. క్యాష్ సేఫ్ తాళాలు ఇద్దరి దగ్గరుంటాయి, ఇద్దరూ కలిస్తేనే తెరుచుకుంటుంది. సిస్టంలో ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు పాస్ చేయాలి. పక్క కుర్చీ మనిషిని రోజూ నమ్మకపోతే బ్రాంచి తెల్లారి పది గంటలకి తెరవలేరు. అలాంటిచోట అనుమానం ఉన్న మనిషిని మళ్లీ కౌంటర్లో ఎలా కూర్చోబెడతాం అని అడిగితే, ఆ ప్రశ్నకి కొంత బలం ఉందనే చెప్పాలి. నష్టం జరగకపోయినా అధికారం మీరి అప్పులిచ్చిన ఆఫీసర్ని తీసేయొచ్చని, బ్యాంకులో క్రమశిక్షణే ముఖ్యమని 1996లో సుప్రీంకోర్టు అన్నది కూడా ఈ ఆలోచనతోనే.

కానీ ఈ వాదనకి హద్దుంది. 2001లో గ్వాలియర్ షుగర్ కేసులో మూడు షరతులు పెట్టారు: ఆ ఉద్యోగి నమ్మకం అవసరమైన స్థానంలో ఉండాలి, ఆ స్థానాన్ని దుర్వినియోగం చేసే పని ఏదో చేసి ఉండాలి, అతన్ని కొనసాగిస్తే క్రమశిక్షణకో భద్రతకో ఇబ్బంది కలగాలి. మేనేజర్‌కి నచ్చలేదనో, యూనియన్లో తిరుగుతున్నాడనో నమ్మకం పోయిందంటే చెల్లదు. నమ్మకం పోవడానికి ఎదుట ఏదో వాస్తవం ఉండాలి.

చిక్కంతా రెండో షరతు దగ్గరే. ఆరోపణ రుజువు కాలేదని తేలాక, ‘దుర్వినియోగం చేసే పని చేశాడు’ అన్నది ఎలా నిలబడుతుంది? అలహాబాద్ బ్యాంకు కేసులో ట్రిబ్యునల్ దీన్ని ‘గట్టి అనుమానం’ అనే మాటతో దాటింది. తర్కం దృష్టితో చూస్తే ఇదే ఈ తీర్పులన్నిటిలో బలహీనమైన అతుకు. డిస్మిస్ చేయడానికి సరిపోని అనుమానం, తిరిగి తీసుకోకుండా ఆపడానికి సరిపోతోంది. ఉద్యోగి వైపు నుంచి చూస్తే రెండింటి ఫలితం ఒకటే: కుర్చీ లేదు.

కోర్టులు ఈ దారి ఇవాళ కనిపెట్టలేదు. 1960లోనే అస్సాం ఆయిల్ కంపెనీ కేసులో సెక్రటరీ ఉద్యోగం చేస్తున్న ఒకామె తొలగింపు తప్పని చెబుతూనే, రహస్య పత్రాలు చూసే స్థానంలో యాజమాన్యానికి నమ్మకం లేని మనిషిని పెట్టమనడం కుదరదని పరిహారం ఇప్పించారు. 1969లో హిందుస్తాన్ స్టీల్ కేసులో పోలీసు రిపోర్టు ఆధారంగా తీసేసిన ఉద్యోగికి రెండేళ్ల జీతం ఇచ్చి సరిపెట్టారు. అప్పట్లో ఇవి అరుదైన, ప్రత్యేకమైన ఉద్యోగాలకి చెప్పిన మాటలు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే ప్రతి సీటుకీ అదే మాట పాకితే, మినహాయింపు కాస్తా ఆ రంగం మొత్తానికి నియమమవుతుంది.

ఆర్డరు ఎందుకు కొట్టేశారన్నది ముందు చూడాలి

‘డిస్మిసల్ రద్దు’ అనే వార్త ఒకటే గానీ దాని వెనక కథలు వేరువేరుగా ఉంటాయి. పేపర్లో హెడ్డింగ్ చూసి తన కేసుతో పోల్చుకునే ఉద్యోగి పొరబడేది ఇక్కడే.

మొదటి రకం, పద్ధతి తప్పడం. ఎంక్వైరీ రిపోర్టు ఇవ్వకుండా శిక్ష వేశారు, అడిగిన పత్రం చూపించలేదు, సాక్షిని ఎదురు ప్రశ్నించనివ్వలేదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం దీనికి దారి గీసింది. రిపోర్టు ఇవ్వలేదు కాబట్టి వెంటనే ఉద్యోగం ఇచ్చేయమనడం కాదు, ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా చూడాలి. జరిగిందని తేలి ఆర్డరు రద్దయినా, యాజమాన్యం అతన్ని సస్పెన్షన్లో ఉంచి ఎంక్వైరీని ఆగిన చోట నుంచి మళ్లీ నడుపుకోవచ్చు. మధ్యకాలం జీతం సంగతి ఆ ఎంక్వైరీ ముగిశాకే. 1996లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పటియాలా కేసులో కూడా ఇదే ధోరణి, ప్రతి చిన్న లోపానికీ ఆర్డరు పడిపోదు. అంటే ఈ రకం గెలుపులో ఉద్యోగి పదేళ్లు పోరాడి చేరేది సస్పెన్షన్ దగ్గరికి. స్వీట్లు పంచుకున్న ఇంట్లో వారం తిరక్కుండా మళ్లీ ఎంక్వైరీ నోటీసు వస్తుంది.

రెండో రకం, అసలు సాక్ష్యమే లేదని తేలడం. 2008లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో, పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న కాగితం తప్ప ఎంక్వైరీలో సాక్షి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎఫ్‌ఐఆర్ దానంతటదే సాక్ష్యం కాదని, డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీలో కూడా రుజువు చేయాల్సింది చేయాల్సిందేనని సుప్రీంకోర్టు ఆ డిస్మిసల్ కొట్టేసింది. ఇలాంటి కేసులో పునర్నియామకం అడిగే హక్కు అన్నిటికంటే గట్టిది. పరిహారంతో సరిపెట్టాలంటే కోర్టు వేరే కారణమేదో చెప్పాల్సి ఉంటుంది.

మూడోది, తప్పు జరిగింది గానీ శిక్ష మరీ ఎక్కువ. ఇక్కడ ట్రిబ్యునళ్లు ఎక్కువగా ఉద్యోగం ఇచ్చి బ్యాక్ వేజెస్ కోస్తాయి, అదే శిక్ష అన్నట్టు.

టెంపరరీ, రోజుకూలీ సిబ్బంది విషయం పూర్తిగా వేరు. 1976లో స్టేట్ బ్యాంకు తొమ్మిది రోజులకని నియమించుకున్న క్యాషియర్ కేసులో, ముక్కలు ముక్కలుగా చేసిన పని కలిపితే 240 రోజులు దాటింది కాబట్టి నోటీసు, పరిహారం లేకుండా తీసేయడం చెల్లదని కోర్టు అంది. ఆ రోజుల్లో ఈ నోటీసు, పరిహారం తప్పనిసరి చేసే 25ఎఫ్ సెక్షన్ ఉల్లంఘన అంటే దాదాపు నేరుగా ఉద్యోగమే. పద్ధతి ప్రకారం నియమించని టెంపరరీలకి పర్మనెంట్ అయ్యే హక్కు లేదన్న ఉమాదేవి తీర్పు 2006లో వచ్చాక గాలి మారింది. 2013లో బీఎస్‌ఎన్‌ఎల్ కేసులో సుప్రీంకోర్టు కారణం విడమర్చి చెప్పింది: ఇతన్ని ఇవాళ తిరిగి తీసుకున్నా పర్మనెంట్ చేసే హక్కు లేదు, రేపు చట్టప్రకారం నోటీసు, పరిహారం ఇచ్చి మళ్లీ తీసేయొచ్చు, అలాంటప్పుడు ఈ తిప్పలు ఎందుకు, డబ్బే ఇప్పిద్దాం. ఆ కేసులో ఇచ్చింది మూడు లక్షలు. జూనియర్‌ని ఉంచి సీనియర్‌ని తీసేసినా, కావాలని అన్యాయంగా చేసినా మాత్రం పునర్నియామకమే అని తలుపు కొంచెం తెరిచే ఉంచారు. ఈ రకం తీర్పుల్ని రెగ్యులర్ ఉద్యోగుల కేసుల్లో బ్యాంకు లాయర్లు చూపించడం మామూలే, కానీ రెండింటి తర్కం వేరు.

అంకె ఎక్కణ్నుంచి వస్తుంది

దీనికి చట్టంలో ఫార్ములా లేదు. ఫార్ములాకి దగ్గరగా వచ్చింది 1986 నాటి ఐటీడీసీ (కేంద్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ) కేసు. మేనేజర్ స్థాయి ఉద్యోగిని ఏ కారణం చూపకుండా తీసేసే రూలుని కోర్టు కొట్టేసింది. అయితే కింది స్థాయి ఉద్యోగులకి పునర్నియామకమే సరైనదని, ‘గోల్డ్ కాలర్’ అని పిలిచిన పైస్థాయి మేనేజర్లకి మాత్రం పరిహారం చాలని తేడా చూపించి, 3.33 ఏళ్ల జీతం ఇవ్వమంది.

ఆ 3.33 ఎందుకో తెలుసుకుంటే విషయం బోధపడుతుంది. ఆ మొత్తాన్ని 15 శాతం రాబడి వచ్చేలా పెట్టుబడి పెడితే, ఏటా వచ్చే వడ్డీ అతని జీతంలో దాదాపు సగానికి సమానం. అసలు కదలకుండా, పని చేయకుండా సగం జీతం వస్తున్నట్టు. 1986లో 15 శాతం అన్నది ఊహకందే రేటే. ఇవాళ 7 శాతం వేసుకుంటే అదే 3.33 ఏళ్ల జీతం మీద వచ్చేది జీతంలో నాలుగో వంతు కంటే తక్కువ. సగం రావాలంటే ఏడేళ్ల పైచిలుకు జీతం ఇవ్వాలి. అంకె కాలం దాటి బతికింది, దాని వెనక లెక్క బతకలేదు.

ఇంకో మెలిక, ఏ జీతం మీద లెక్క అన్నది. ఊరికే ఉదాహరణకి అనుకుందాం: ఒక క్లర్కు డిస్మిస్ అయిన నెలలో జీతం ఆరు వేలు. పాతికేళ్ల తర్వాత కోర్టు ‘చివరి జీతం మీద 3.33 ఏళ్లు’ అంటే వచ్చేది రెండు లక్షల నలభై వేలు. అతనితో పాటు అదే రోజు చేరి, పక్క కౌంటర్లో కూర్చున్న మనిషి రిటైరయ్యే నాటికి నెలకి ఎనభై వేలు తీసుకుంటున్నాడనుకుంటే, ఆ పరిహారం పక్క మనిషి మూడు నెలల జీతం. బ్యాంకుల్లో జీతాలు బైపార్టైట్ సెటిల్‌మెంట్లతో (యాజమాన్యాలకీ యూనియన్లకీ మధ్య కుదిరే జీతాల ఒప్పందాలతో) మారుతుంటాయి. పదకొండోది 2017 నవంబరు నుంచి, పన్నెండోది 2022 నవంబరు నుంచి లెక్క. సర్వీసు కొనసాగింపుతో తిరిగి తీసుకుంటే ఈ సవరణలన్నీ, ఇంక్రిమెంట్లతో సహా, అతనికీ అందుతాయి. పరిహారం అన్నారంటే అతని గడియారం డిస్మిసైన రోజు దగ్గరే ఆగిపోతుంది.

కనపడని నష్టం సర్వీసుది

పేపర్లో పడేది పరిహారం అంకె. పడనిది పెన్షన్.

1995 బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ రెగ్యులేషన్స్ ప్రకారం పెన్షన్‌కి కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, 33 ఏళ్లుంటే పూర్తి పెన్షన్. డిస్మిసైతే అప్పటిదాకా చేసిన సర్వీసంతా గల్లంతు. ఇప్పుడు ఆరేళ్లు పనిచేసి డిస్మిసైన ఒక క్లర్కుని తీసుకుందాం, పెన్షన్ ఆప్షన్ ఉన్నవాడే అనుకుందాం. డిస్మిసల్ రద్దు చేసి సర్వీసు కొనసాగింపు ఇస్తే, అతను ఒక్కరోజు కూడా మళ్లీ బ్యాంకుకి వెళ్లకపోయినా, అరవై ఏళ్లు నిండిన తేదీన రిటైరైనట్టు లెక్కకట్టి నెలనెలా పెన్షన్, తర్వాత భార్యకి ఫ్యామిలీ పెన్షన్ వస్తాయి. అదే ‘పునర్నియామకం బదులు పరిహారం’ అంటే లెక్కలో ఉండేది ఆరేళ్లే, పదేళ్ల గీత దాటడు, పెన్షన్ సున్నా. 2010 ఏప్రిల్ నుంచి చేరినవాళ్లకి ఎన్‌పీఎస్ (ఉద్యోగి, బ్యాంకు ఇద్దరూ వాటా వేసే పెన్షన్ పథకం) కాబట్టి లెక్క వేరు, అక్కడ ఆగిపోయేది బ్యాంకు వాటా.

అందుకే ఉద్యోగి రిటైర్మెంట్ వయసు దాటాడు కాబట్టి పునర్నియామకం అర్థం లేనిది అన్న వాదన సగమే నిజం. కుర్చీ ఇవ్వలేరు, నిజమే. కాగితం మీద సర్వీసు ఇవ్వడానికి మాత్రం వయసు అడ్డం కాదు. పరిహారం తీర్పు చదివేటప్పుడు ముందు వెతకాల్సిన వాక్యం కూడా ఇదే: డిస్మిసల్ రద్దు చేశామన్నారా, లేక దాన్ని ముట్టుకోకుండా డబ్బు మాత్రమే ఇమ్మన్నారా? రద్దయితే గ్రాట్యుటీ ఆపే కారణం పోతుంది, ఉద్యోగి పేరు మీది మచ్చ కూడా పోతుంది. ‘అన్ని క్లెయిములూ ఇందులోనే’ అన్న మాట ఉంటే పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అందులో కలిశాయా లేదా అన్న కొత్త తగాదా మొదలవుతుంది. పన్ను సంగతి కూడా ఉంది. ఇలాంటి డబ్బుని సాధారణంగా జీతం బదులు వచ్చిన ఆదాయంగానే చూస్తారు. పాతికేళ్ల కష్టానికి వచ్చింది ఒకే ఏడాది ఖాతాలో పడుతుంది కాబట్టి, పన్ను రిలీఫ్ అడగకపోతే పై శ్లాబు రేటు పడే ప్రమాదం ఉంది.

ఆలస్యం ఎవరి ఖాతాలో

కేసు పాతబడేకొద్దీ పునర్నియామకం అవకాశం తగ్గుతుంది, పరిహారం అవకాశం పెరుగుతుంది. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు గానీ, ఈ తీర్పులన్నిటి వరసలో కనపడే తీరు ఇదే. ట్రిబ్యునల్లో కొన్నేళ్లు, హైకోర్టులో సింగిల్ జడ్జి, ఆపైన డివిజన్ బెంచి, ఆపైన ఢిల్లీ. బ్యాంకుకి లా డిపార్ట్‌మెంటుంది, ప్యానెల్ లాయరుంటాడు, అప్పీలుకెళ్లే మేనేజరు జేబులోంచి పైసా పోదు. అప్పీలు వేయకుండా వదిలేస్తేనే రేపు విజిలెన్స్ వాళ్లు ఎందుకు వేయలేదని అడుగుతారేమోనన్న టెన్షన్ ఆయనకి. ఉద్యోగి మాత్రం ప్రతి వాయిదాకీ ఊరు నుంచి బస్సెక్కి రావాలి.

ఈ అసమానతని కొంత సరిచేయడానికే 1984లో పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 17బి సెక్షన్ తెచ్చారు. ట్రిబ్యునల్ ఉద్యోగం ఇమ్మన్నాక యాజమాన్యం పై కోర్టుకి వెళ్తే, అది తేలేదాకా చివరి జీతం నెలనెలా ఇవ్వాలి. మంచి ఏర్పాటే, కానీ అది కూడా చివరి జీతమే. ఆరు వేల జీతగాడికి పదిహేనేళ్ల తర్వాత కూడా ఆరు వేలే. పైగా ట్రిబ్యునల్ మొదట్లోనే పరిహారం అని తేలిస్తే ఈ సెక్షన్ పనిచేయదు, ఎందుకంటే అది పునర్నియామకం ఆర్డరుకి మాత్రమే. అంటే మొదటి మెట్టు మీద ఏ రిలీఫ్ వచ్చిందన్నది తర్వాతి ఇరవై ఏళ్ల ఇంటి ఖర్చుని కూడా నిర్ణయిస్తుంది.

ఇక్కడ ఒక మాట ఇటువైపు నుంచి కూడా చెప్పుకోవాలి. పరిహారం కావాలని ఉద్యోగే కోరుకునే సందర్భాలూ ఉన్నాయి. యాభై ఐదేళ్ల వయసులో, కోర్ బ్యాంకింగ్ రాకముందు వదిలిన కౌంటర్‌కి తిరిగొచ్చి, తనని తీసేయించిన వాళ్ల దగ్గరే పనిచేయడం అందరివల్లా కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒడంబడిక కూడా తిరిగి పెట్టుకోవడం ఆచరణలో కుదరకపోతే తగిన పరిహారం ఇవ్వాలంటుంది, దాన్ని భారత్ ఆమోదించకపోయినా. వివాదం పరిహారం అనే ఆలోచన మీద కాదు. ‘తగిన’ అనే మాటకి ఎంత అన్నది మన దగ్గర ఎక్కడా రాసి లేదు.

కొత్త కోడ్ తర్వాత

2025 నవంబరు 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో నిలబడింది. శిక్షని తగ్గించే, వేరే రిలీఫ్ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కి కొత్త కోడ్‌లోనూ ఉంది. సూపర్‌వైజర్ పనిచేసేవాళ్లని వర్కర్‌గా లెక్కించే జీతం పరిమితి పది వేల నుంచి పద్దెనిమిది వేలకి పెరిగింది గానీ, ఇవాళ్టి బ్యాంకు ఆఫీసరు జీతాలకి అది ఎటూ అందదు. గట్టిగా గుర్తుంచుకోవాల్సిన మార్పు గడువుది: తొలగింపు మీద నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి పాత చట్టంలో మూడేళ్లుండేది, ఇప్పుడు రెండేళ్లలోపు కదలాలి. బ్యాంకులో అప్పీలు, ఆపైన రివ్యూ, వాటికి జవాబు కోసం ఎదురుచూడటంలోనే ఏడాదిన్నర గడిచిపోతుంది.

పరిహారం ఎంత అన్నదానికి కొత్త కోడ్‌లో కూడా కొలబద్ద లేదు. కాబట్టి వాదన అంతా మళ్లీ ట్రిబ్యునల్ ముందు పెట్టే కాగితాల మీదే నడుస్తుంది. మధ్యలో వేరే పని చేయలేదన్న అఫిడవిట్ మొదట్లోనే పడిందా, బ్యాంకు దాన్ని కాదనడానికి వేరే యాజమాన్యం జమచేసిన పీఎఫ్ ఖాతా ఏదైనా చూపించిందా, పునర్నియామకం కుదరకపోతే పరిహారం ఏ జీతం మీద లెక్కకట్టాలో ఉద్యోగి తరఫున ఎవరైనా ఒక పట్టిక ఇచ్చారా? చాలా ఫైళ్లలో చివరిది ఉండదు. ఉద్యోగం తప్ప ఇంకేమీ వద్దని అడిగిన మనిషి డబ్బు లెక్క ఇవ్వడు, ఇస్తే ఉద్యోగం వదులుకున్నట్టు అవుతుందని లాయరు కూడా వద్దంటాడు. తీర్పు రోజున కోర్టు ముందు ఉండేది బ్యాంకు ఇచ్చిన చివరి జీతం స్లిప్పు ఒక్కటే.